కాన్పు గదిలో ఒక స్టూలు వేయించండి

చిత్తూరు, తిరుపతి జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదుల బాధ్యత చూసే డాక్టరమ్మలకు, హెడ్ నర్సులకు,

నమస్కారం.

నేను మీ శాఖలోనే 35 ఏళ్లు పల్లెల్లో తిరిగే నర్సుగా, ఏఎన్ఎంగా పనిచేసి 2021లో రిటైరైనదాన్ని. 1986లో నేను చేరినప్పుడు మనది ఒకటే జిల్లా. 2022 ఏప్రిల్‌లో చీలి, చిత్తూరు, తిరుపతి వేరువేరు జిల్లాలయ్యాయి. నేను సర్వీసు చేసిన పల్లెలు చాలామటుకు ఆ పక్కన పోయాయి, ఇల్లు ఈ పక్కన మిగిలింది. అందుకే ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నా.

మా అమ్మాయి రెండో కాన్పుకు బెంగళూరు నుంచి తిరుపతికి వచ్చింది. ఇప్పుడు ఎనిమిదో నెల. వచ్చిన మూడో రోజు రాత్రి పెద్దోణ్ని నిద్రబుచ్చి, నా మంచం అంచున కూర్చుని, "అమా, నేను ఆసుపత్రికి పోను. ఇంట్లోనే కంటా. నువ్వుండావు గదా" అనింది.

ఇంటింటికీ తిరిగి "ఇంట్లో కనొద్దు తల్లీ" అని చెప్పి చెప్పి గొంతు అరగ్గొట్టుకున్న మనిషిని నేను. ఆ మాట నా ఇంట్లోనే వినాల్సి వచ్చింది. మొదట కోపమొచ్చింది. చదువుకున్నదానివి, నీకేం పోయేకాలం అని అరిచా కూడా. అది అరవలేదు. "మొదటిసారి ఏం జరిగిందో నీకు తెలుసు గదా" అని ఊరుకుంది.

తెలుసు. ఆరేళ్ల కిందటి మాట. ఏ ఆసుపత్రో రాయను. ఏ ఆసుపత్రి పేరు రాసినా పక్కనున్నది 'మేం కాదులే' అనుకుంటుంది. తెల్లవారుజామున అయిదుకు పిల్లని లోపలికి తీసుకుపోయారు. నేనూ మీ శాఖ మనిషినే అని గుర్తింపు కార్డు చూపించినా తలుపు దగ్గరే ఆపేశారు. పదకొండు గంటలు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. లేచి నాలుగడుగులు వేస్తానంటే వద్దన్నారు. దాహమంటే తడిగుడ్డ పెదాలకు అద్దారు. నొప్పుల సూది కలిపిన గ్లూకోజు చేతికి ఎక్కుతుంటే అరిచిందట. అప్పుడొక ఆయమ్మ తొడ మీద చరిచి ఒక మాటంది. ఆ మాట ఇక్కడ రాయను. కాన్పు గదిలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ ఆ మాట తెలుసు. మొగుడి పక్కలో ఉన్నప్పుడు ఏమైందీ అనే అర్థం వచ్చే మాట. నా సర్వీసులో నేనూ ఇద్దరు ముగ్గురిని ఆ మాట అన్నాను. తెల్లార్లూ నిద్రలేక, ఒంటిచేత్తో చూసుకోలేక అన్నాను అని చెప్పుకోవచ్చు. కానీ అన్నాను. నా బిడ్డ ఆ మాట పడిందని తెలిసిన రోజున ఆ ఇద్దరు ముగ్గురి ముఖాలూ గుర్తుకొచ్చాయి.

ఆఖరికి పొట్ట మీద మోచేత్తో నొక్కారు, కింద కోశారు, కుట్లేశారు. ఎందుకు కోస్తున్నారో చెప్పలేదు. మగబిడ్డ అని బయట నా దగ్గర వెయ్యి రూపాయలు తీసుకున్నారు. నేనూ ఇచ్చాను, సంతోషంగానే. కాగితం మీద అది 'నార్మల్ డెలివరీ, తల్లీబిడ్డా క్షేమం'. లెక్కల్లో మీకు ఒక విజయం.

ఈసారి అది ఊరికే మొండికేసి అడగలేదు. నెలల తరబడి చదివి వచ్చింది. ఇంగ్లండులో 2011లో 64 వేల కాన్పులను లెక్కగట్టారంట. ఏ ఇబ్బందీ లేని తల్లులకు, రెండో కాన్పో మూడో కాన్పో అయితే, ఇంట్లో కన్నా ఆసుపత్రిలో కన్నా బిడ్డకు ముప్పులో తేడా కనపడలేదంట. నెదర్లాండ్స్‌లో ఈ రోజుకీ ఇంట్లో కనేవాళ్లు ఉన్నారంట. కూర్చుని నేనూ చదివా. పిల్ల చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే సగమే చెప్పింది. అదే లెక్కలో తొలిచూలు వాళ్లకు, ఇంట్లో కనాలని మొదలుపెట్టిన వాళ్లలో, వెయ్యికి 9 మంది బిడ్డలకు పెద్ద ముప్పు వచ్చింది. ఆసుపత్రిలో వెయ్యికి 5. ఇంట్లో మొదలుపెట్టిన తొలిచూలు వాళ్లలో నూటికి 45 మందిని మధ్యలోనో, కాన్పు కాగానేనో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. రెండోది, ఆపైది అయితే నూటికి 12 మందిని.

ఆ పన్నెండు మందిని ఎట్లా తరలిస్తారు అనేదే నేను దాన్ని అడిగింది. అక్కడ ఇంటికి వచ్చేది కాన్పులు చేయడం చదువుకున్న మిడ్‌వైఫు. సంచిలో ఆక్సిజను, రక్తం ఆపే సూదులు, బిడ్డకు ఊపిరి కొట్టే సంచి తెచ్చుకుంటుంది. ఆమె ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. ఆసుపత్రి వాళ్లకు ఆమె పేరు తెలుసు, వచ్చేది ఎవరో తెలుసు. మన దగ్గర ఇంటి కాన్పు చెడి ఆసుపత్రికి పోతే ముందు దొరికేది తిట్లు. ఆ తర్వాత ఓపీ చీటీ. ఆ తర్వాత స్ట్రెచరు. వాళ్లది ఇంటి కాన్పు కాదు, ఇంటిదాకా వచ్చిన ఆసుపత్రి అని చెప్పా.

"అయితే నీ చేతులు? వందల కాన్పులు చేశావు గదా, నాదొక్కటి చేయలేవా?" అనింది.

ఈ మాటకు జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పాలంటే 1991 కార్తీకమాసం దగ్గరికి పోవాలి.

పలమనేరు దిక్కు ఒక పల్లె. ఆమెకు మూడో కాన్పు. ముందు రెండూ మంత్రసాని అవ్వ చేతుల మీద ఇంట్లోనే సుఖంగా నీళ్లాడింది. ఆ అవ్వకు నేనే నేర్పించా: చేతులు కడుక్కోవాలి, కొత్త బ్లేడు వాడాలి, శుభ్రమైన దారం, శుభ్రమైన గుడ్డ, బొడ్డు మీద పేడా బూడిదా ఏదీ పూయకూడదు. అవ్వ అన్నీ చేసింది. దూలానికి తాడు కట్టి, దాన్ని పట్టుకుని మోకాళ్ల మీద కూర్చోమని, వెనక నడుము నిమురుతూ, ముద్దు మాటలు చెప్పి కాన్పు చేసింది. నేను పోయేటప్పటికి బిడ్డ ఏడుస్తోంది, మాయ కూడా పడిపోయింది. ఇంట్లో కాయం దంచుతున్నారు. అంతా బాగుందని కార్డు రాయడానికి కూర్చున్నా. అవ్వ నా భుజం తట్టి చాప చూపించింది.

గర్భసంచి గట్టిపడలేదు. పొట్ట మీద చెయ్యి పెడితే పిండిముద్ద మాదిరి ఉంది. రుద్దా. సంచిలో ఉన్న సూది ఒకటి వేశా. ఒక చీర తడిసింది, రెండో చీర తడిసింది. ఊళ్లో జీపు లేదు. పక్క ఊరి నుంచి జీపు వచ్చేటప్పటికి గంట దాటింది. చిత్తూరుకు బయల్దేరాం. మొగిలి ఘాటు దిగేటప్పుడు ఆమె "సిస్టరమ్మా, చలేస్తాంది" అనింది. ఘాటు దిగాక నాడి దొరకలేదు.

ఆమెకు రక్తహీనత లేదు, బీపీ లేదు, కార్డులో ఎర్ర గీత ఒక్కటి కూడా లేదు. ఎవరికి రక్తం ఆగదో కాన్పుకు ముందే చెప్పగలిగిన వాళ్లు లేరు. పారడం మొదలైతే రెండు గంటల్లో ప్రాణం పోగలదు. కాన్పయిన నిమిషంలో ఆక్సిటోసిన్ 10 యూనిట్లు వేస్తే చాలామందికి ఆ ఆపద రాదు. ఆ మందును చల్లగా పెట్టాలి, పాడైతే నీళ్లతో సమానం. అది పనిచేయని వాళ్లకు రక్తం కావాలి, ఆపరేషన్ థియేటర్ కావాలి. అవి నా ఫ్రిజ్‌లో ఉండవు.

ఇంకొకటి కూడా ఉంది. పదిమంది బిడ్డల్లో ఒకరికి ఊపిరి అందుకోవడానికి ఎంతో కొంత సాయం కావాలి. మొదటి నిమిషంలోనే. అదే నిమిషంలో తల్లికి రక్తం పోతుంటే? ఇద్దరు రోగులు, నావి రెండు చేతులు. అరవై దాటిన చేతులు. అందులో ఒకరు నా కూతురు, ఒకరు దాని బిడ్డ. నేను ఎవరి మీద చెయ్యి వేయాలి? అమ్మాయికి ఈ మాటే చెప్పా. అది చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత అనింది: "మా, నువ్వు చెప్పేదంతా బతకడం గురించి. నేను బతకాలనే అనుకుంటున్నా. కానీ ఆ గదిలోకి ఒక్కదాన్నే పోలేను. నువ్వు నా పక్కన ఉంటావా? ఉంటానంటే వస్తా."

ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం ఇదే. నేను ఉంటానని మాటివ్వలేను. ఆ మాట ఇవ్వగలిగింది మీరు.

ఇది మా అమ్మాయి ఒక్కదాని సంగతి కాదని మీకూ తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. గొప్ప సంగతే, నా తరం ఏఎన్ఎంల చెప్పులు అరిగింది దానికోసమే. 2004-06లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు పోయేవాళ్లు. 2018-20కి ఆంధ్రలో అది 45కి దిగింది. 108 బండి ఒక్కటే ఎంత మార్చిందో మొగిలి ఘాటులో జీపులో కూర్చున్న నాకు తెలుసు. నూటికి మిగిలిన ఆ మూడున్నర ఇంటి కాన్పుల గురించే మన మీటింగుల్లో గొడవంతా. 'జీరో హోమ్ డెలివరీ' రావాలి, లేకపోతే మెమో. మెమో భయానికి ఏం జరుగుతుందో దాచుకోవడం ఎందుకు? ఒక యానాది కాలనీలో గుడిసెలోనే అయిన కాన్పును నేను రిజిస్టరులో 'దారిలో ప్రసవం' అని రాశా. సున్నా అట్లా వస్తుంది సార్.

ఆ కాలనీ ఆమెను ఎందుకు రాలేదమ్మా అని అడిగితే "ఇంకో ఇద్దరు పిల్లోళ్లను ఎవురికి ఇడిసిపెట్టి వచ్చేది? అక్కడ మమ్మల్ని దూరంగా నిలబడమంటారు" అనింది. మా అమ్మాయికి ఏసీ గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉద్యోగం, ఆమెకు చిత్తుకాగితాలు ఏరే పని. ఇద్దరూ భయపడేది ఒకే గదికి.

2018లో తిరుప్పూరులో ఒక టీచరమ్మ ఇంట్లో కంటూ రక్తం పోయి చనిపోయింది. యూట్యూబ్ వీడియోలు చూసి కాన్పు చేయబోయారని పేపర్లన్నీ రాశాయి. పక్కనున్న తమిళనాడు సంగతే, నగరి, సత్యవేడు వైపు అందరూ చెప్పుకున్నారు. వీడియోలను తిట్టడం తేలిక. అంతదాకా ఎందుకు వెళ్లారు అని అడగడమే కష్టం.

రెండో భయం కోత. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో 63, ప్రభుత్వంలో 27 కంటే కాస్త తక్కువ. పది శాతం దాటాక సిజేరియన్లు ఎంత పెరిగినా తల్లీబిడ్డల చావులు అంతకంటే తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మన తిరుపతిలో ముహూర్తం పెట్టించుకుని వచ్చి ఈ నక్షత్రంలోనే కోయండి అనేవాళ్లు ఉన్నారు, వాళ్ల పాపం డాక్టర్ల నెత్తిన వేయను. కానీ కోత లేకుండా కనాలనుకున్న పిల్లకు ప్రైవేటుకు పోతే కత్తి భయం, ప్రభుత్వానికి పోతే తిట్ల భయం. అప్పుడు ఇల్లు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది?

నేనేమీ కొత్తది అడగడం లేదు. కాన్పు గదిలో తల్లికి తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. తానూ కాన్పు చూసిన ఆడమనిషి అయితే మంచిదని, చాటు సరిగా ఉన్న చోట భర్తనూ రానివ్వొచ్చని అందులో ఉంది. 2017లో కాన్పు గదులను బాగుచేసే కేంద్ర పథకం 'లక్ష్య' వచ్చింది. దాంట్లో తల్లికి మర్యాద ఇవ్వడం కూడా మార్కులకు లెక్కే. నొప్పుల్లో తిరగనివ్వండి, నీళ్లు తాగనివ్వండి, ఆమెకు వీలైన భంగిమలో కననివ్వండి, అందరికీ కోత వేయకండి, పొట్ట మీద నొక్కకండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మా మంత్రసాని అవ్వ ఇవి చదవకుండానే సగం చేసేది. ఆమె దగ్గర లేనిది సూది, రక్తం, బండి. మన దగ్గర లేనిది ఆమె నడుము నిమిరిన చెయ్యి.

సిస్టర్లు ఏమంటారో నాకు తెలుసు, నేనూ అన్నదాన్నే. చోటు లేదు. ఒకరిని రానిస్తే నలుగురొస్తారు. ఫోన్లలో వీడియోలు తీస్తారు. పక్క బల్ల మీద ఇంకో ఆడమనిషి ఉంటుంది, ఆమె మానం ఏం కాను? ఇవి సాకులు కావు. రాత్రి డ్యూటీలో ఒక స్టాఫ్ నర్సు, నొప్పుల్లో ముగ్గురు తల్లులు, ఇంతలో గేటు దగ్గర 108 సైరను. ఆ సిస్టరుకు కోపం రాకపోతే ఆశ్చర్యపోవాలి. కానీ ఆలోచించండి. బల్లకీ బల్లకీ మధ్య తెర కట్టడానికి ఎంతవుతుంది? ఫోను బయట ఇచ్చి రమ్మని, గౌను తొడిగి, చెప్పులు విప్పించి, ఒక్క మనిషిని ఒక్క స్టూలు మీద తల వైపు కూర్చోబెడితే ఆమె మీకు అడ్డమా, ఆసరానా? నీళ్లు ఆమె పడుతుంది. వీపు ఆమె రుద్దుతుంది. చాప తడుస్తోందని నాకు మొదట చూపించింది మంత్రసాని అవ్వ. నేను రాసుకుంటూ కూర్చున్నా.

ముహూర్తాలు పెట్టుకుని కోతలు కోసే డబ్బుంది గానీ, తెరలకు లేదంటే ఎవరూ నమ్మరు.

ఇంకో మాట. నర్సులకు 18 నెలలు మిడ్‌వైఫరీ నేర్పించి, మామూలు కాన్పులు వాళ్ల చేతికే అప్పజెప్పాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తొందర లేకుండా పక్కన కూర్చునే ఓపిక ఉన్న అట్లాంటి పిల్లలను మన రెండు జిల్లాల కాన్పు గదుల్లో ఎంతమందిని పెట్టారో, ఏ ఆసుపత్రిలో పెట్టారో గోడ మీద రాయించండి. ఇంట్లో కంటానని మొండికేసే పిల్లకు చూపించడానికి నాకు ఒక పేరు కావాలి.

ఇంట్లో కని, ఏదో తేడా వచ్చి పరిగెత్తుకొచ్చిన వాళ్లను గేటు దగ్గర తిట్టొద్దని మీ సిబ్బందికి ఒక్క కాగితం పంపండి. ఇంటి కాన్పు నేరం అని ఏ చట్టంలోనూ లేదు. కేసు పెడతామని ఆశాలతో బెదిరించడం వల్ల వాళ్లు ఆసుపత్రికి రారు, ఆశాకు తలుపు తీయడం మానేస్తారు. తిడతారని భయపడి ఆగిన అరగంటలో రక్తం ఎంత పోతుందో పైన రాశా. ఇంట్లో పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్-బి టీకా, 21 రోజుల్లో రాయించాల్సిన జనన నమోదు కూడా ఆ భయంతోనే తప్పిపోతున్నాయి.

మా అమ్మాయికి తేదీ సంక్రాంతి దాటిన వారంలో ఇచ్చారు. దాని కార్డు, రక్తం గ్రూపు కాగితం, స్కానింగులు ఒక సంచిలో సర్ది పెట్టా. నొప్పులు మొదలైతే ఆటోలో పావుగంటలో మీ ఆసుపత్రికి చేరతాం. ఆ రోజు తలుపు దగ్గర ఉండే సిస్టరుకు ముందుగానే ఒక మాట చెప్పి ఉంచండి. రాతలో ఇస్తే ఇంకా మంచిది, మెట్ల మీద కూర్చున్న ఇంకో తల్లి కూడా దాన్ని చూపించుకుంటుంది. ఫోను బయటే ఇచ్చేస్తా. డాక్టరమ్మ పనికి అడ్డం రాను, నేను ఏఎన్ఎంనని ఒక్కసారి కూడా అనను. తల వైపు కూర్చుంటా.

చోటు చాలదంటే చెప్పండి. మడతపెట్టే స్టూలు నా దగ్గర ఒకటుంది, టీకాల రోజుల్లో అంగన్‌వాడీకి మోసుకుపోయేదాన్ని. తెచ్చుకుంటా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
తిరుపతి.